రెండో చుట్ట

చల్లగెడ్డ అనే కొండ ఊళ్లో బుద్రమ్మ అనే సర్పంచి ఉండేది. ఎలుగుబంటికి భయపడని ఆ మనిషి, అయినవాళ్ల మొహం చిన్నబోతే మాత్రం ఇట్టే లొంగిపోయేది.

ఎలుగుబంటి మాట ఊరికే అన్నది కాదు. ఒక ఏడాది పనసపళ్ల కాలంలో గడ్డివామంత ఎలుగు ఒకటి కొండ దిగి ఊళ్లోకొచ్చింది. మగవాళ్లంతా అటకలెక్కారు. బుద్రమ్మ చేతిలో చాట తప్ప ఏమీ లేదు. ఆ చాటతోనే దాని ముక్కు మీద ఫెడీమని ఒకటిచ్చి, "మా పనసచెట్టు దగ్గరకొచ్చే ముందు పంచాయతీని అడిగేవా?" అంది. ఎలుగు సిగ్గుపడి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఎప్పుడు అటు వచ్చినా పొలిమేరలో ఆగి, ఆవిడ ఊళ్లో ఉందో లేదో వాసన చూసుకుని మరీ కదిలేది. ఇక గొంతు సంగతంటారా, ఆవిడ వాకిట్లో నిలబడి మేకని పిలిస్తే ఘాట్ రోడ్డు మీద ఎక్కడో మలుపు అవతల లారీ డ్రైవరు తన పెళ్లామే పిలుస్తోందనుకుని బ్రేకు వేసేవాడు. రోడ్డు కాంట్రాక్టరు కంకరలో మట్టి కలిపితే, ఆ మట్టినంతా అతని జీపులోకే ఎత్తించి కొండ దింపిన ఘనత కూడా ఆవిడదే.

ఊరి చలి కూడా బుద్రమ్మకి తగినట్టే ఉండేది. మార్గశిరం వచ్చిందంటే కోడి కూయడానికి నోరు తెరిచి, చలికి మళ్లీ మూసేసి, ఎండొచ్చాక తీరిగ్గా కూసేది. తేనెటీగ కుట్టడానికొచ్చి, మనిషి వెచ్చగా ఉన్నాడని అక్కడే కునుకు తీసేది. ఆ చలిని అనుభవించడానికీ, తెల్లవారుజామున లోయ నిండా సముద్రంలా పరుచుకునే మంచుని చూడటానికీ కింద ఊళ్ల జనం కార్లు కట్టుకుని వచ్చేవారు. వచ్చినవాళ్లు పడుకోవాలి కదా! ఇల్లున్న ప్రతివాడూ ఒక గది ఖాళీ చేసి వాళ్లకి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఇల్లు చాలనివాడు పక్కన శ్లాబు గది కట్టాడు. పశువుల పాకకి సున్నం కొట్టి 'మంచు విడిది' అని పేరు రాసినవాడూ ఉన్నాడు. "మరి ఆవేదిరా?" అని అడిగితే, "దానికి చలి అలవాటేలే" అన్నాడు.

ఇలా ఉండగా ఒక శీతాకాలం, కొత్తగా కట్టిన ఒక శ్లాబు గదిలో కాలేజీ కుర్రాళ్లిద్దరు స్పృహ తప్పి దొరికారు. పక్కనే కుంపటి ఉంది. జీపులో వేసుకెళ్లి ఆసుపత్రిలో పడేస్తే, బతుకు రాసిపెట్టి ఉండి బతికారు. డాక్టరు బుద్రమ్మనీ ఊరి పెద్దల్నీ పిలిచి కేకలేశాడు.

"కుంపటి వల్ల ఏమవుతుంది బాబూ? మా తాతలూ తండ్రులూ కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకునే పడుకున్నారు. ఎవరు పోయారు?" అన్నాడొక పెద్దాయన.

"మీ తాతల ఇంటి కప్పు ఏమిటి?"

"పెంకులే."

"పెంకుల మధ్య సందులుంటాయి. ఇల్లంతా ముక్కులే. బొగ్గులోంచి ఒక విషం వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. జోకొట్టి నిద్రపుచ్చి, ఆ నిద్రలోనే చంపేస్తుంది. పెంకుల సందుల్లోంచి అది పోయేది కాబట్టి మీ తాతలు బతికారు. మరి ఈ శ్లాబు గదికి ముక్కేదీ?" అన్నాడు డాక్టరు.

ఆ మాట బుద్రమ్మ బుర్రలో మేకులా దిగింది. గ్రామసభ పెట్టించింది. కుంపటి వద్దంటే వచ్చినవాళ్లు వినరు. చలి అలాంటిది. కాబట్టి అద్దెకిచ్చే ప్రతి గదికీ ముక్కు ఉండాలని సభ తీర్మానించింది. గోడకి పైన ఒకటి, కింద ఒకటి, మూయడానికి వీల్లేని కంతలు పెట్టాలి. సర్పంచి స్వయంగా పరీక్ష చేసి అనుమతి ఇవ్వాలి. అనుమతి దొరికిన గదికి ఆకుపచ్చ రేకు బోర్డు కొడతారు. దాని మీద సర్పంచి సంతకం ఉంటుంది. బోర్డు లేని గదిలో మనిషిని పడుకోబెడితే ఆ ఇంటికి తాళం పడుతుంది.

పరీక్ష ఎలా చెయ్యాలో బుద్రమ్మే కనిపెట్టింది. గదిలో కుంపటి పెట్టి, నిప్పుల మీద పచ్చి ఆకులు వేసేది. ఎదుటి గోడకి తన చాట తగిలించేది, ఎలుగుని కొట్టిన ఆ చాటే. తలుపూ కిటికీ మూయించి, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, చుట్ట వెలిగించి, ఆ వైపు ఆడవాళ్ల అలవాటు ప్రకారం నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేది. చుట్ట అయిపోగానే తలుపు తీసేవారు. పొగ పోయి చాట కనపడితే గదికి ముక్కు ఉన్నట్టు. కనపడకపోతే లేనట్టు. "కనపడే పొగే పోకపోతే, కనపడని విషం ఎలా పోతాది?" అనేది. చుట్టలన్నీ ఆవిడే చుట్టేది. అన్నీ ఒక్కటే పొడవు. ఒకదానికీ ఒకదానికీ చీమ తలంత తేడా ఉంటే చుట్టడం మానేస్తానని పందెం కాసేది.

మొదట్లో ఆ పరీక్ష నిప్పులాగే నడిచింది. పట్నం నుంచి వచ్చి లాడ్జి కట్టిన ఒక పెద్దమనిషి, "చుట్టతో పరీక్షేమిటమ్మా, నవ్విపోతారు" అన్నాడు. చాట కనపడలేదు. "నవ్వుకో నాయినా, ముందు గోడకి కంత పెట్టించి తర్వాత తీరుబడిగా నవ్వుకో" అని బోర్డు చంకలో పెట్టుకుని వచ్చేసింది. మంగులమ్మ అనే విధవరాలు ఒంటి గది అద్దెకిచ్చుకుని బతికేది. ఆవిడ గదిలోనూ చాట కనపడలేదు. మంగులమ్మ ఏడ్చింది. బుద్రమ్మ కరగలేదు. గునపం చేతికిచ్చి, "ఏడిస్తే గోడకి కంత పడదే, పొడు" అంది. మంగులమ్మ ఆ రోజే తన గోడని తనే పొడుచుకుంది. మర్నాడు చాట కనపడింది. బోర్డు వచ్చింది.

ఎలుగుబంటి కథలోనూ లారీ కథలోనూ ఊరివాళ్లు కాస్త ఉప్పూ కారం దట్టించారంటే దట్టించే ఉంటారు. ఇక మీద జరిగినదాంట్లో చిటికెడు కలపడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు.

బుద్రమ్మకి సుక్రయ్య అని తోడబుట్టిన తమ్ముడు ఉండేవాడు. బుద్రమ్మ మొగుడు పోయినప్పుడు ఆవిడ పొలం దున్నిపెట్టింది అతనే. ఆవిడ కూతురికి జ్వరం వస్తే డోలీ కట్టి, వానలో కొండ దింపింది అతనే. చెడ్డవాడు కాదు. నవ్వు మొహం, తియ్యని మాట. అతను కూడా ఒక శ్లాబు గది కట్టాడు. లోయ వైపు గోడంతా అద్దం బిగించాడు. మంచం మీద పడుకునే మంచు చూడొచ్చు. మరో గోడ మీద పట్నం పెయింటరు చేత జలపాతం, దాని పక్కన నీళ్లు తాగే జింక వేయించాడు. ఆ గదికి ఇంత పెద్ద కన్ను ఉంది గాని, ముక్కు లేదు.

"ముక్కేదిరా?" అంది బుద్రమ్మ పరీక్షకి వచ్చి.

"తలుపు కింద సందుంది కదప్పా" అన్నాడు సుక్రయ్య. అక్కని అక్కడివాళ్లు అప్ప అంటారు. "కంత పెడితే చల్లగాలి కొడతాదని అద్దెకొచ్చినోళ్లు తిడతారు. పైగా ఈ గోడకి పెట్టాలంటే జలపాతం మధ్యలో పడతాది. జింక మొహం ఎగిరిపోతాది."

"జింక మొహం నాకెందుకురా? చాట మొహం కనపడాలి."

పరీక్ష చూడటానికి వీధిలోవాళ్లంతా చేరారు. ఆకులు వేశారు. తలుపు మూశారు. బుద్రమ్మ చుట్ట వెలిగించింది. అది అయిపోయింది. తలుపు తీస్తే గుప్పుమని పొగ మొహాన కొట్టింది. చాట కాదు కదా, చాట తగిలించిన గోడే కనపడలేదు.

సుక్రయ్య చటుక్కున తలుపు మళ్లీ దగ్గరకి లాగాడు. "పోతోందప్పా, ఇప్పుడిప్పుడే పోతోంది. ఇంకొక్క చుట్ట కాల్చు" అన్నాడు.

"చుట్ట ఒక్కటేరా. అందరికీ ఒక్కటే."

అప్పుడు సుక్రయ్య మొహం చిన్నబోయింది. చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "చాటతో ఎలుగుని తరిమేవు. అదే చాటతో తమ్ముణ్ణి కూడా తరుముతావా? ఊరంతా చూస్తోందప్పా. రేపటికి గది ఇస్తానని జనానికి మాటిచ్చేను. ఈ మంచు కాలం పోనీ, నేనే పొడిచి పెడతాను." డోలీ మాట అతను ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. బుద్రమ్మకి ఆ వాన, ఆ జారుడు దారి, తమ్ముడి భుజం మీద డోలీ కర్ర ఒరిసి పుండైన చోటు, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి.

ఎలుగు ముందు వణకని చెయ్యి రొంటిలోకి వెళ్లి రెండో చుట్ట తీసింది.

తలుపు తీసి మూసిన ఆ కాస్తలోనే సగం పొగ బయటికి వెళ్లిపోయిందని అక్కడున్న చంటిపిల్లకైనా తెలుసు. రెండో చుట్ట అయ్యాక తలుపు తీస్తే, పల్చటి పొగ వెనక చాట మసగ్గా కనపడింది.

"కనపడింది!" అన్నాడు సుక్రయ్య.

"నా గోడకి గునపమూ, తమ్ముడి గోడకి చుట్టానా?" అంది మంగులమ్మ.

బుద్రమ్మ గిరుక్కున తిరిగింది. "నీ నోరు మూసుకోవే!" అని అరిచింది. ఎవరి మాటకైనా ఎదురు జవాబు చెప్పగలిగిన బుద్రమ్మ, జవాబు లేక అరవడం ఊరు అదే మొదటిసారి చూసింది. ఆ అరుపు చల్లారకముందే ఆకుపచ్చ బోర్డు సుక్రయ్య గుమ్మానికి ఎక్కింది.

ఆ రాత్రి నుంచి బుద్రమ్మకి చుట్ట రుచించలేదు. పొద్దున్నే గునపం భుజాన వేసుకుని తమ్ముడి ఇంటికి బయల్దేరేది. మరదలు వాకిట్లోనే ఎదురొచ్చి కాఫీ గ్లాసు చేతిలో పెట్టేది. "వదినా, లోపల జనం పడుకున్నారు. ఇప్పుడు గోడ పొడిస్తే లేచి వెళ్లిపోతారు. రేపు చూద్దాం" అనేది. బుద్రమ్మ కాఫీ తాగి, గునపం వేసుకుని వెనక్కి వచ్చేది. ఇంకో రోజు వెళ్తే మళ్లీ కాఫీ, మళ్లీ రేపు. కొన్నాళ్లకి గునపం మూలన పెట్టేసింది. 'ఇంతమంది పడుకుని లేచారు, ఏమయింది?' అనుకుంది. అంతవరకూ వచ్చినవాళ్లు పొద్దుపోయాక కాసేపు కుంపటి కాచుకుని, బయట పెట్టేసి పడుకున్నారు. వాళ్లు బతికింది అందుకేగాని, గది మంచిదై కాదు. ఆ తేడా ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉండటం అలవాటు చేసుకుంది.

సంక్రాంతి ఇంకా దూరం ఉండగా తుని నుంచి భానుమూర్తి అనే కరెంటు లైన్‌మన్ భార్యతోనూ కూతురితోనూ చల్లగెడ్డ వచ్చాడు. భార్య పేరు ప్రసూన. కూతురు లహరి ఇంకా పాలపళ్లు ఊడే వయసులో ఉంది. భానుమూర్తి జాగ్రత్త మనిషి. బోర్డు లేని ఇళ్లవాళ్లు తక్కువకే ఇస్తామని వెంటపడినా ఆగలేదు. సుక్రయ్య గుమ్మం మీది ఆకుపచ్చ రేకు చూశాక గాని సామాను దింపలేదు. అప్పుడైనా ఊరుకోలేదు. సంతకం చేసినావిడ ఎవరో కనుక్కుని, భార్యనీ పిల్లనీ వెంటబెట్టుకుని బుద్రమ్మ వాకిట్లోకి వచ్చాడు. సుక్రయ్య కూడా వెనకే వచ్చాడు.

బుద్రమ్మ అప్పుడు చిలగడదుంపలు కాలుస్తోంది. నోట్లో చుట్ట ఉంది. లహరి ఆవిడ మొహంలోకి వంగి చూసింది.

"అమ్మమ్మా, నిప్పు లోపల పెట్టుకున్నావేంటి? నాలిక కాలదా?"

"నా నాలిక నిప్పు కంటే వేడి తల్లీ. నిప్పే భయపడతాది" అంది బుద్రమ్మ.

పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. బుద్రమ్మ ఒక దుంప ఊది ఊది చల్లార్చి చేతిలో పెట్టింది.

"అమ్మమ్మా, మంచు పగలు ఎక్కడికెళ్తుంది?"

"మా గెడ్డలో, అదే ఆ కొండవాగులో పడుకుంటాది. తెల్లారగట్ల లేచి లోయంతా తిరుగుతాది."

"నాన్నా, అది లేవగానే నన్నూ లేపాలి!" అంది లహరి.

"లేపుతానులే" అని భానుమూర్తి బుద్రమ్మ వైపు తిరిగాడు. "ఆ బోర్డు మీద సంతకం మీదేనా అమ్మా? ఏమీ అనుకోకండి. మా పని అలాంటిది. నేను స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు కరెంటు ఆపి, లైన్ క్లియర్ అని చెప్తాడు. ఆపాడో లేదో నాకు కనపడదు. ఆ మనిషి మాట నమ్మి తీగ పట్టుకుంటాను. అందుకని ఎవరు సంతకం పెట్టారో వాళ్లనే అడగడం అలవాటైపోయింది. పిల్లకి జలుబుగా ఉంది, కుంపటి పెట్టిద్దామనుకుంటున్నాం. గది మంచిదేనా?"

బుద్రమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. భానుమూర్తి భుజం వెనక సుక్రయ్య నిలబడి ఉన్నాడు. అతని మొహం చిన్నబోయింది.

ఒక్క మాట చాలు. 'వద్దు బాబూ, మంగులమ్మ గదికి వెళ్లండి' అంటే చాలు. మంగులమ్మ ఇల్లు అక్కడికి కనపడుతూనే ఉంది.

"సంతకం నాదే. గదికేం ఫరవాలేదు. హాయిగా పడుకోండి" అంది బుద్రమ్మ.

"చాలమ్మా, ఆ మాట చాలు" అని భానుమూర్తి నమస్కారం పెట్టాడు.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే అతను మంచు చూడటానికి లేచాడు. లహరి రాత్రంతా దగ్గి అప్పుడే నిద్రపోయింది. "మీరు ముందు వెళ్లి చూడండి. మంచు బాగా పడితే వచ్చి లేపండి" అంది ప్రసూన. గది మంచుగడ్డలా ఉంది. భానుమూర్తి సుక్రయ్యని లేపి కుంపటి అడిగాడు. "తలుపు మూసి పెట్టొచ్చా?" అని మళ్లీ అడిగాడు. "బోర్డుంది కద బాబూ" అన్నాడు సుక్రయ్య. నిప్పులు బాగా రాజేసి తెచ్చి, తల్లీబిడ్డల కాళ్ల దగ్గర పెట్టాడు. భానుమూర్తి గట్టు మీదికి వెళ్లాక, పిల్లకి చలిగాలి తగలకూడదని తలుపు దగ్గరగా వేసి, కింద సందులోకి గోనెపట్టా కూడా దోపాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ రోజు మంచు ఎన్నడూ లేనంత గొప్పగా పడింది. లోయ నిండి పొర్లింది. చెట్ల తలలు దీవుల్లా తేలాయి. ఎండ తగలగానే అంతా పసుపు నీళ్లలా మెరిసింది. భానుమూర్తి చాలాసేపు నిలబడిపోయి, కూతురికి ఇచ్చిన మాట గుర్తొచ్చి, పరుగున దిగి వచ్చాడు. "లహరీ, మంచు లేచిందమ్మా!" అని వీధిలోంచే పిలుచుకుంటూ వచ్చాడు.

ఊళ్లోకెల్లా పెద్ద గొంతు తనదేనని బుద్రమ్మకి గర్వం ఉండేది. ఆ పొద్దున్న ఆవిడ అంతకంటే పెద్ద గొంతు విన్నది.

మూలనున్న గునపం పట్టుకుని పరుగెత్తింది. ఎందుకు పట్టుకుందో ఆవిడకే తెలియదు. వెళ్లేసరికి తల్లినీ బిడ్డనీ వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. మొహాలు నిద్రపోతున్నట్టే ఉన్నాయి. పిల్ల పెదవులు ఎర్రగా ఉన్నాయి. చేతిలో సగం తిన్న చిలగడదుంప ఉంది. భానుమూర్తి పిల్ల చెంపలు తడుతూ, "మంచు వెళ్లిపోతుంది, లే, మంచు వెళ్లిపోతుంది" అంటున్నాడు. అంబులెన్సు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చింది. ఇదివరకు ఊళ్లోవాళ్ల మీద కేకలేసిన ఆ డాక్టరే అందులోంచి దిగాడు. ఇద్దరి చేతులూ పట్టుకు చూశాడు. ఈసారి కేకలెయ్యలేదు. తల వంచుకుని వెళ్లి అంబులెన్సు పక్కన నిలబడ్డాడు.

బుద్రమ్మ నేరుగా గదిలోకి వెళ్లి, జలపాతం మధ్యలో గునపంతో పొడిచింది. ఇటుక రాలింది. జింక మొహం ఎగిరిపోయింది. ఇన్నాళ్లూ రేపు రేపు అన్న పని, ఆవిడ ఊపిరి బిగబట్టి విడిచేంతలో అయిపోయింది. ఆ కంతలోంచి మంచు నెమ్మదిగా గదిలోకి వచ్చింది.

పోలీసులు వచ్చేలోపు అయినవాళ్లంతా బుద్రమ్మ చుట్టూ చేరారు. "కుంపటి అడిగింది ఆ తుని ఆయనే. తలుపు మూసుకుంది వాళ్లే. తప్పు వాళ్ల మీదే ఉంటాది. నువ్వు చాట కనపడిందని చెప్పు చాలు. అది అబద్ధం కూడా కాదు, కనపడింది కదా" అన్నారు. మరదలు కాళ్లు పట్టుకుంది. "వదినా, నీ తమ్ముడు. ఒక్క తమ్ముడు." ఇంకెవరో, "ఊరికి చెడ్డపేరొస్తే ఇక జనం రారు, అందరమూ పస్తులే" అన్నారు.

పంచాయతీ అరుగు మీద ఎస్సై కూర్చున్నాడు. భానుమూర్తి బల్ల చివర కూర్చుని, పిల్ల ఉన్ని టోపీ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. సుక్రయ్య చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"గది పరీక్ష చేశావా అమ్మా? చాట కనపడిందా?" అన్నాడు ఎస్సై.

బుద్రమ్మ తమ్ముడి వైపు చూసింది. అతని మొహం ఎప్పటికంటే ఎక్కువ చిన్నబోయింది. ఆవిడ ఈసారి చూపు తిప్పుకుని టోపీ వైపు చూసింది.

"కనపళ్లేదు. చుట్ట అయిపోయింది, చాట కనపళ్లేదు. నేను రెండో చుట్ట వెలిగించేను" అంది.

"అప్పా!" అన్నాడు సుక్రయ్య.

"ఎందుకు వెలిగించావు?" అన్నాడు ఎస్సై.

"తమ్ముడి మొహం చూసి."

భానుమూర్తి తలెత్తాడు. గొంతులో కోపం కూడా లేదు. "మా ఆపరేటరు మొహాలు చూసి లైన్ క్లియర్ ఇచ్చి ఉంటే నేను ఎప్పుడో తీగ మీదే మాడిపోయేవాణ్ణమ్మా. నేను పోయినా బాగుండేది. నిన్న మీ వాకిట్లో నేను అడిగినప్పుడు, నా కూతురి మొహం కూడా మీ ముందే ఉంది కదా" అన్నాడు.

ఎలుగుకీ కాంట్రాక్టరుకీ ఊరందరికీ జవాబు చెప్పిన బుద్రమ్మ, రొంటిలో మిగిలిన చుట్టలన్నీ తీసి అరుగు మీద పెట్టేసింది.

సుక్రయ్య జైలుకి వెళ్లాడు. బుద్రమ్మ కూడా వెళ్లింది. పదవి పోయింది. తిరిగొచ్చాక తమ్ముడు ఆవిడ వాకిలి తొక్కలేదు, మరదలు ఆవిడ మొహం చూడలేదు. ఏ మొహాలు చిన్నబోకూడదని ఆవిడ చుట్ట వెలిగించిందో, ఆ మొహాలే ఆవిడకి కరువయ్యాయి. మంగులమ్మ సర్పంచి అయింది. పరీక్ష మాత్రం మారలేదు. అదే చాట, అవే పచ్చి ఆకులు. ఎవడైనా "పిన్నీ, ఇంకొంచెం సేపు చూడు" అని బతిమాలితే వీధిలో పిల్లలే అందుకుని, "రెండో చుట్ట లేదు!" అని అరుస్తారు. ఆ మాట చల్లగెడ్డలో సామెత అయిపోయింది.

బుద్రమ్మ మళ్లీ చుట్ట ముట్టలేదు. ఆ గొంతూ మళ్లీ లేవలేదు. మేక తప్పిపోతే నడిచే వెళ్లి వెతుక్కుంటుంది. మంచు బాగా పడిన పొద్దుల్లో, ఎవరూ అద్దెకు దిగని ఆ గది ముందు కూర్చుని, గోడ కంతలోంచి మంచు లోపలికి పోవడం చూస్తూ ఉంటుంది.

మొహమాటానికి ఇచ్చిన అనుమతి, ఇచ్చినవాళ్ల కంటే పుచ్చుకున్నవాళ్ల కంటే ముందు, దాన్ని నమ్మి వచ్చినవాళ్లని బలి తీసుకుంటుంది. కాబట్టి నలుగురి ప్రాణాలకి పూచీ పడ్డవాళ్లు, కాదనవలసిన చోట తోడబుట్టినవాళ్లనైనా కాదనాలి.